పన్నెండో పొర

మంగవ్వ ఆ వారంలో పెనం మూడుసార్లు తోమింది. ఒకసారి ఇటుక పొడితో, ఒకసారి బూడిదతో, చివరికి ఉప్పూ నిమ్మచెక్కా పెట్టి. అయినా కాల్చిన ప్రతి జొన్నరొట్టె నడుమ రూపాయి బిళ్లంత నల్ల మచ్చ. పెనంలోనే దోషం ఉందని భర్త సారయ్యను సనత్‌నగర్ పంపి, అక్కడి వర్క్‌షాపులో మందపు రేకు కోయించి కొత్త పెనం తెప్పించుకుంది. కొత్త పెనం మీదా అదే మచ్చ. చిత్రమేమిటంటే, తిన్నవాళ్లెవరూ రొట్టె మాడిందని అనలేదు.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల గల్లీ మొదట్లో ఆమె తోపుడు బండి ఉంటుంది. సాయంత్రం క్లాసులు వదిలే వేళకు పొయ్యి వెలిగిస్తుంది. రొట్టె కొట్టే చప్పుడు గల్లీ చివరి దాకా వినపడుతుంది. ఆ చివర జోగారావు గారి కోచింగ్ సెంటర్లో సారయ్య పదిహేనేళ్లుగా అటెండరు. ఫ్యాన్లు వేయడం, నీళ్ల క్యాన్లు ఎత్తడం, జిరాక్సు పేపర్లు పంచడం అతని పని. మాట తక్కువ మనిషి. పనయ్యాక వచ్చి బండి పక్కన స్టూలు మీద కూర్చుని, ఆ చప్పుడు వింటూ ఉంటాడు.

మచ్చ రొట్టెలో లేదని కనిపెట్టింది అనుపమ. పంజాగుట్టలో ఒక కంటి ఆసుపత్రికి చెందిన ల్యాబులో పరిశోధన చేస్తుంది. వెనక సందులో హాస్టల్. వారానికి నాలుగు రోజులు మంగవ్వ రొట్టే తింటుంది.

"పెద్దమ్మా, నువ్వు నా మొకం దిక్కు చూస్తలేవు. నా చెవు దిక్కు చూసి మాట్లాడుతున్నవ్."

"నీ కమ్మలు మంచిగున్నయి బిడ్డా, గందుకే చూస్తున్న."

"నేను కమ్మలే పెట్టుకోలె."

మంగవ్వ నవ్వేసింది. సారయ్యకు నవ్వు రాలేదు. తన భార్య తన వైపు కూడా అలాగే, భుజం మీదుగా ఎవరినో చూస్తున్నట్టు చూస్తోందని అతనికి అప్పుడు తట్టింది. ఏదో కోపం మీద ఉందనుకుని నెల రోజులుగా అడగకుండా ఊరుకున్నాడు.

అనుపమే వాళ్లను ఆసుపత్రికి తీసుకుపోయింది. యంత్రాల ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు, ఫొటోలు తీశారు. కంటి వెనక చూపుకు ఆధారమైన పొర ఒకటి ఉంటుంది. దాని కింద ఇంకో వరస కణాలు ఉండి, పై పొరకు తిండి పెడుతుంటాయి. ఆ తిండి పెట్టే కణాలు నడుమ భాగంలో ఎండిపోతున్నాయి. అందుకే దేని వైపు సూటిగా చూస్తే అదే కనపడదు, పక్కన ఉన్నది కనపడుతుంది. రెండు కళ్లకూ ఉంది, ఎడమ కన్ను మరీ అన్యాయం. మందు లేదు. కానీ కొత్తగా ఒకటి చేసి చూస్తున్నారు.

ఆ కొత్తదేమిటో అనుపమ ల్యాబు అద్దం అవతలి నుంచి చూపించింది. లోపలికి ఎవరినీ పోనివ్వరు. గోడకున్న తెర మీద తేనెపట్టు గదుల్లా ఆరు పలకల గదులు, ఒకదానికొకటి ఆనుకుని, గోధుమ రంగు తిరిగి ఉన్నాయి.

"గవి కంటి కణాలు. బయట పెంచినం. వాటిని పెంచుడు కష్టం కాదు పెద్దబాపూ, నిలవెట్టుడే కష్టం. వట్టి నున్నటి దాని మీద పోస్తే పట్టు దొరకక కుప్పవడి సస్తయి. గందుకే పల్చటి పొర తయారు చేసినం. దాని మీద కంటికి కనవడని గుంతలు, గరుకు. గా గరుకు మీద పోస్తే కంట్ల ఉన్నట్టే వరసగ పరుచుకుంటయి. పొరతోటే కంట్ల పెడ్తరు."

సారయ్య తెర చూస్తూ ఉండిపోయాడు. మంగవ్వకు తెర కనపడదు గనక వింటూ ఉంది.

"రొట్టెకు సుత గంతే," అంది. "స్టీలు పళ్లెంల కొడ్తే జారుతది. బండ జర గరుకుంటేనే నిలుస్తది."

"గంతే పెద్దమ్మా. మా సార్లు గీ ముక్క చెప్పనీకె ముప్పై పేజీలు రాసిండ్రు."

అంతా బాగానే ఉంది. అసలు చిక్కు అక్కడి నుంచి వచ్చింది.

చూపు కొలిచే గదిలో రవికాంత్ అనే కుర్ర టెక్నీషియన్ ఉన్నాడు. కళ్లలో చుక్కలు వేసేశారు కాబట్టి ఆ రోజు బోర్డు చదివించడం కుదరదని చెప్పాడు. "వచ్చే వారం టెస్టు పెడతామండీ. దాన్ని బట్టే సెలెక్షన్. మొత్తం పన్నెండు మందికే. పదకొండు మంది అయిపోయారు, ఒక్కటే ఉంది." ఆ మాట అని ఇంకో పేషెంటు కోసం బయటికి వెళ్లాడు.

టెస్టు. సెలెక్షన్. ఒక్కటే ఉంది. పదిహేనేళ్లుగా సారయ్య చెవిలో పడుతున్న మాటలే. ఒక్క పోస్టుకు ఎంతమంది కొట్టుకుంటారో, ఒక్క మార్కుతో ఎవరు మిగిలిపోతారో అతనికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? మంగవ్వ కళ్లు మూసుకుని కుర్చీలో ఉంది. ఎదురుగా గోడకు వెలుగుతున్న బోర్డు. దాని మీద నల్లటి దువ్వెన ముక్కల్లాంటి గుర్తులు, ఒక్కోదానికి మూడు పళ్లు. పళ్లు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపితే చాలు, అక్షరం ముక్క రాని వాళ్లు కూడా చెప్పొచ్చు. వరసకు అయిదు. సారయ్య జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పై నుంచి అయిదు వరసలు ఎక్కించుకున్నాడు. కుడికి 'కు', మీదికి 'మీ', కిందికి 'కిం', ఎడమకు 'ఎ'.

మర్నాడు కోచింగ్ సెంటర్లో కుర్చీలు సర్దుతూ గొణుక్కుంటుంటే జోగారావు గారు విన్నాడు.

"ఏంటి సారయ్యా, కుడి ఎడమలంటున్నావ్, కవాతుకేమైనా వెళ్తున్నావా?"

"ఏం లేదు సార్. మా మంగవ్వకు టెస్టుంది."

"ఈ వయసులో ఏం టెస్టయ్యా? సర్లే. పాత పేపరు దొరికిందా? పాత పేపరు నోటికొస్తే సగం ఉద్యోగం వచ్చినట్టే." ఆ మాట ఆయన రోజుకు పదిసార్లు అంటాడు. ఆ రోజు సారయ్యకు తన కోసమే అన్నట్టు వినిపించింది.

వారం రోజులు కోచింగ్ నడిచింది. మధ్యాహ్నం పిండి జల్లిస్తున్నప్పుడు, పొయ్యి కడుగుతున్నప్పుడు, సారయ్య ఒక్కో వరసా చెప్పేవాడు. మంగవ్వ రెండు రోజులు తప్పులు చెప్పింది. మూడో రోజు విసుగు పుట్టి దాన్ని పాటలో పెట్టేసింది.

"కుడికి తిరిగె ఉయ్యాలో, మీదికెక్కె ఉయ్యాలో, కిందికొరిగె ఉయ్యాలో..."

"పాటేందే?"

"నేనేమన్న బడికి పోయిన్నా? బతుకమ్మ ఆడినదాన్ని. పాటైతే ఎన్నడు మర్వ."

నిజమే. పాటలో పెట్టాక ఒక్కటి తప్పలేదు. ఇరవై అయిదు గుర్తులూ నోటికొచ్చాయి. "గిది తప్పు కాదా?" అని ఒక్కసారి అడిగింది. "అందరు చేసేదే," అన్నాడు సారయ్య. ఆమె మళ్లీ అడగలేదు.

టెస్టు రోజు డాక్టర్ వసుమతి గారే వచ్చి కూర్చుంది. యాభై ఏళ్ల మనిషి, గోదావరి జిల్లా మాట. మంగవ్వ కుడి కంటికి మూత పెట్టారు. రవికాంత్ పై వరస నుంచి మొదలుపెట్టాడు. మంగవ్వ చేయి కుడికి తిరిగింది, పైకి లేచింది, కిందికి వంగింది. పెదవులు లోలోపల కదులుతున్నాయి.

"పాడుతున్నారేంటమ్మా?" అంది డాక్టరు.

"భయానికి మేడమ్."

అయిదు వరసలూ అప్పజెప్పింది. వెనక కూర్చున్న సారయ్య వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు, ఒక్కటీ తప్పలేదు. కానీ డాక్టరు మొహంలో సంతోషం లేదు. కాగితం చూసి, స్కాన్ ఫొటో చూసి, మళ్లీ కాగితం చూసింది.

"ఫొటోలో మచ్చ ఇంత పెద్దదుంది. అయినా మీకు బానే కనపడుతోందమ్మా. కొంతమందికి పక్క చూపు అలవాటైపోయి ఉంటుంది. మంచిదే. ఈ ఆపరేషన్ మీకు వద్దు."

"సెలెక్షన్ కాలేదా మేడమ్?" అన్నాడు సారయ్య.

"ఇది కొత్త పద్ధతి సారయ్య గారూ. ఏదైనా తేడా వస్తే ఉన్న చూపు కూడా పోవచ్చు. అందుకని ముందుగా, పోగొట్టుకోవడానికి ఏమీ మిగలని కంటికే చేస్తాం. మీ ఆవిడ కన్ను ఇంకా నయం. సంతోషపడండి."

సంతోషపడుతూ ఇద్దరూ బయటికి వచ్చారు. మెట్లు దిగుతూ మంగవ్వ, "పాసైన కదా, మరి ఎందుకు తీసుకోలె?" అంది. సారయ్య ఆమె చేయి పట్టుకుని కింది మెట్టు దించాడు. ఫేలైనవాళ్లకే సీటు ఇచ్చే పరీక్ష ఒకటి ఉంటుందని అతనికి పదిహేనేళ్లలో ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత రెండు రోజులు సారయ్య స్టూలు మీద కూర్చున్నాడు గానీ రొట్టె చప్పుడు వినలేదు. గురువారం అనుపమ వచ్చింది. ఆమె మొహం కూడా వాడిపోయి ఉంది.

"పన్నెండో పొర తయారైంది పెద్దబాపూ. మస్తు మంచిగొచ్చింది, ఒక్క మూల సుత లేవలె. ఇంకో పది దినాలుంటది. గంతలోపల మనిషి దొరకకుంటే పారేసుడే." రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. "పెద్దమ్మకైతదని మస్తు అనుకున్న. మంచిగ కనవడ్తుందంటే మంచిదే కదా. నేనే తప్పు చూసినట్టున్న."

ఆ చివరి మాట సారయ్యను పొడిచింది. తన కళ్లతో సరిగ్గా పట్టుకున్న పిల్ల, తనే తప్పు చూశాననుకుంటోంది.

చెప్పేద్దామంటే నోరు రాలేదు. పోయినేడు కానిస్టేబుల్ పరీక్షలో చీటీలు పెట్టి దొరికిన కుర్రాడొకడు కోచింగ్ సెంటర్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. మూడేళ్లు ఏ పరీక్షా రాయకూడదన్నారు. అతనికి నీళ్లిచ్చింది సారయ్యే. ఇప్పుడు తను చెబితే? ఆసుపత్రి గడప తొక్కనివ్వరు. రేపు కుడి కన్ను కూడా చీకటైతే ఎక్కడికి పోవాలి? వాళ్లను తీసుకొచ్చినందుకు ఈ పిల్ల ఉద్యోగానికి ముప్పు రాదా?

శుక్రవారం పొద్దున సెంటర్ తాళాలు తీసి, ఫ్యాన్లు వేసి, జోగారావు గారికి గంట పని ఉందని చెప్పి నడక సాగించాడు. మెట్రో ఎక్కితే ఒక్క స్టేషనే. నడిస్తే ఆలోచించుకోవచ్చనుకున్నాడు. తల మీద రైలు పోతుంటే స్తంభాల కింద పావురాలు లేచి మళ్లీ అక్కడే వాలుతున్నాయి. ప్రతి స్తంభానికీ ర్యాంకులు వచ్చినవాళ్ల ఫొటోలు. ఆ ఫొటోల్లో ఒకరిద్దరికి తను కాగితాలు పంచినవాడే. పంజాగుట్ట ఫ్లైఓవర్ కనపడే వేళకు చెప్పాల్సిన మాటలన్నీ వరసగా పెట్టుకున్నాడు. డాక్టరు గది తలుపు తీసేసరికి ఒక్కటీ మిగలలేదు. జేబులోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

వసుమతి గారు తిప్పి చూసింది. "ఏంటండీ ఇది? కు, మీ, కిం..."

"మీ బోర్డు మేడమ్. నేనే ఎక్కించుకున్న. నేనే చెప్పిన. ఆమెకేం ఎర్కలేదు. అనుపమ బిడ్డకు సుత ఎర్కలేదు. ఏం చేసిన నన్నే చేయుండ్రి."

ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మీరెక్కడ పని చేస్తారు?"

"అమీర్‌పేటల. కోచింగ్ సెంటర్ల."

ఆమె మూతి బిగించి నవ్వు ఆపుకుంది గానీ ఆగలేదు. "ఎక్కువ మార్కులొస్తే తీసుకుంటామనుకున్నారా?" నవ్వు తగ్గాక గొంతు మారింది. "తప్పు మాది కూడా ఉందిలెండి. పరీక్షన్నాం, ఎందుకో చెప్పలేదు. కానీ సారయ్య గారూ, ఆ పాట నమ్మి ఇంటికి పంపేశాం. మీరివాళ రాకపోతే ఆవిడ అలాగే ఉండిపోయేది. సోమవారం తీసుకురండి. బోర్డు మారుస్తాం."

మధ్యాహ్నం ఇంటికి పోయి మంగవ్వతో చెప్పాడు. ఆమె చేట పక్కన పెట్టింది.

"నన్నడగకుండ నేర్పిస్తివి, నన్నడగకుండ చెప్పొస్తివి."

అతను తల వంచుకున్నాడు. ఆమె అతని చెవి వైపు చూస్తూ, "తలకాయ ఎత్తు, గట్ల వంచుకోకు," అంది.

"నీకు కనవడ్తున్నదా?"

"నీ మొకం నాకు నోటికొచ్చు. ఏ మాటకు ఎట్లయితదో నాకెర్కలేదా."

సోమవారం అదే గది, అదే కుర్చీ, వేరే బోర్డు. "మీరు వెనక కూర్చోవచ్చు. నోరు మాత్రం తెరవకూడదు," అంది డాక్టరు. సారయ్య చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి ఆమె ఫేలు కావాలి. ఫేలైతేనే సీటు. దారి పొడుగునా మొక్కుకున్నది అదే.

రవికాంత్ మొదటి గుర్తు చూపించాడు. చెయ్యంత దువ్వెన, పళ్లు కిందికి. మంగవ్వ కొంచెం ఆలోచించి చేయి పైకి చూపింది. రెండోది ఎడమకు ఉంది. కుడికి చూపింది. మూడోది కుడికే ఉంది, కుడికే చూపింది. ఇంకోటి తగలొద్దనుకున్నాడు సారయ్య. నాలుగోది పైకి ఉంది. కిందికి చూపింది, నమ్మకంగా, చిరునవ్వుతో. ఆ చిరునవ్వు సారయ్యకు తెలుసు. పిండి అయిపోయినా వచ్చినవాళ్లతో ఇంకో రొట్టె అయితదిలే అనేటప్పటి చిరునవ్వు అది. ఈ గదిలో తను ఫేలు కావాలని ఆమెకు తెలుసు. అయినా వెనక భర్త కూర్చున్నాడని ఊహించి చెబుతోంది, ఒకటో రెండో తగిలితే చూపు బొత్తిగా పోలేదని అతనికి అంత దిగులు ఉండదని.

"అమ్మా," అంది డాక్టరు మెల్లగా, "ఊహించి చెప్పొద్దు. ఎవరి కోసమూ చెప్పొద్దు. ఏం కనపడుతోంది?"

మంగవ్వ చేయి ఒడిలో పెట్టుకుంది. రవికాంత్ బోర్డును దగ్గరికి జరిపాడు, ఇంకా దగ్గరికి, చేయి చాస్తే తగిలేంత దగ్గరికి.

"చుట్టుత వెలుగున్నది మేడమ్. నడుమల ఏం లేదు."

"గుర్తు ఉందని తెలుస్తోందా?"

"లేదు మేడమ్."

"ఎన్నాళ్ల నుంచి?"

"నిరుటి బతుకమ్మ నుంచి."

సారయ్య లెక్క వేసుకోలేకపోయాడు. మచ్చ మొన్న మొన్న వచ్చిందనుకున్నాడు. పెనం తోమింది కుడి కంటికీ పాకాక. అంతకు ముందు ఏడాది పొడుగునా ఒక్క కంటితో పొయ్యి ముందు కూర్చుని, రొట్టె వాసన బట్టి తిప్పుతూ, చిల్లర వేలితో తడిమి ఇస్తూ నెట్టుకొచ్చింది. అతను పక్కనే స్టూలు మీద ఉన్నాడు. పదిహేను రోజులుగా సీటు కోసం పడ్డ ఆరాటమంతా ఒక్కసారి చిన్నదైపోయింది. నోరు తెరవకూడదన్నారు. తెరిస్తే ఏం వచ్చేదో అతనికే తెలియదు.

డాక్టరు కాగితం మీద రాసుకుంది. తర్వాత ఇద్దరికీ వివరంగా చెప్పింది. పొర పుచ్చగింజంత ఉంటుంది. కన్ను కోసి, లోపలికి పోనిచ్చి, ఎండిపోయిన చోట పరుస్తారు. అంటుకుంటే కొంత చూపు రావచ్చు, రాకపోవచ్చు. ఉన్నది నిలిచినా మేలే. చుట్టూ మిగిలిన ఆ వెలుగు కూడా పోవచ్చు. ఏడాది పాటు పరీక్షలకు తిప్పుకుంటారు.

"మేము తయారే మేడమ్," అన్నాడు సారయ్య.

"మీరు కాదు. కన్ను ఆవిడది. మీరు బయట కూర్చోండి, నేను అమ్మతో మాట్లాడాలి." గొంతులో కఠినం లేదు. అయినా తలుపు ఆమే తెరిచి పట్టుకుంది.

బయట బల్ల మీద సారయ్య ఒక్కడే కూర్చున్నాడు. ఎదురుగా ఒక ముసలాయన కంటికి పట్టీతో, పక్కన కోడలు అరటిపండు ఒలిచి చేతిలో పెడుతోంది. లోపల మాటలు వినపడటం లేదు. పాతికేళ్లకు పైగా ఆమె తరఫున సంతకం పెట్టిన చేతులు ఊరకే ఉన్నాయి. వద్దంటుందేమో అనుకున్నాడు. వద్దంటే ఏమనాలో వెతుక్కున్నాడు. ఏమీ అనకూడదని తోచింది. అది తోచాక గోడకు వీపు ఆనించాడు.

మంగవ్వ గోడ పట్టుకుని వచ్చింది. బొటనవేలికి సిరా ఉంది. అతను లేచాడు. ఏమన్నావని అడగలేదు.

"గా కణాలు ఎవలవని అడిగిన," అంది ఆమె. "ఎవరో ఆడమనిషి ఇచ్చిన రక్తంల నుంచి చేసినయట. పేరు చెప్పరట. బతికే ఉన్నదా అన్న. ఉన్నదన్నరు. ఆమె చల్లగుండాలె అని చెప్పుమన్న. డాక్టరమ్మ రాసుకున్నది."

"ఊ."

"ఉన్నది సుత పోవచ్చట."

"విన్న."

"ఎర్కుండే వేలు పెట్టిన. నువ్వు చెప్పినవని కాదు." పమిట కొసతో సిరా తుడుచుకుంది, పోలేదు. "బేస్తవారం పరగడుపున రమ్మన్నరు. ఆకలైతుంది, నడువు."

గేటు దాటి పంజాగుట్ట చౌరస్తాకు వచ్చారు. బస్సులు, ఆటోలు ఒకదాని మీదొకటి పడుతున్నాయి. సారయ్య ఆమె మోచేయి పట్టుకుని ఇక పద అనబోయి ఆగాడు. మంగవ్వ తల కొంచెం పక్కకు తిప్పి బండ్ల రొద విన్నది. రొద సన్నగిల్లింది. ఆమె ముందు అడుగు వేసింది. ఆ తర్వాత అతను వేశాడు.